మానసిక ఆరోగ్యం మీద స్వయంసహాయక పుస్తకాలు: ఏవి కొనాలి, ఎట్ల చదవాలి, ఎప్పుడు పక్కన పెట్టాలి?

చదువరి_అనంత (అనంతపురం)

అందరికీ నమస్కారం. అనంతపురంలో కొంతమందిమి కలిసి పుస్తకాలు చదివే బృందం నడుపుతున్నాం. ఈసారి చందాలు వేసుకుని మానసిక ఆరోగ్యం మీద ఒక చిన్న అర పెట్టాలనుకున్నాం. పదికి మించి కొనలేం. తీసుకుపోయేవాళ్లలో ఎక్కువమంది డీఎస్సీకి, గ్రూప్స్‌కి, బ్యాంకు పరీక్షలకు చదివే పిల్లలు. కొందరు టీచర్లు, ఇంట్లో మంచాన పడిన పెద్దవాళ్లను చూసుకునే ఆడవాళ్లు కూడా ఉన్నారు.

అంగడిలో ఈ రకం పుస్తకాలు ఒక గోడంతా ఉన్నాయి. ఒక అట్ట మీద 21 రోజుల్లో మారిపోతారని ఉంటే, ఇంకోదాని మీద మెదడును మీకు కావలసినట్టు మార్చుకోవచ్చని ఉంది. ఏది నమ్మదగ్గదో అంగడిలో నిలబడే తేల్చుకునే దారి ఉందా? ఇవి ఎన్ని చదివినా ఫలితం లేదనేవాళ్లు చాలామంది. అది పుస్తకం తప్పా, చదివే పద్ధతి తప్పా? ఇంకోటి, ఇదే ముఖ్యం: ఏ దశలో పుస్తకం మూసి డాక్టరు దగ్గరికి పోవాలని చెప్పాలి? తెలుగు అనువాదాల గురించి కూడా రవంత చెప్పండి.

బురుజునీడ (కర్నూలు)

మంచి పని పెట్టుకున్నారు. ఎంపిక గురించి నాకు తెలిసింది చెప్తాను.

మొదట చూడాల్సింది, ఆ పుస్తకం ఏ ఒక్క సమస్య గురించి రాశారు అనేది. దిగులు, గాభరా, నిద్ర పట్టకపోవడం, చేతులు పదేపదే కడుక్కోవడం లాంటి అనుమానపు జబ్బు: వీటిలో ఒకదాన్ని పట్టుకుని రాసిన పుస్తకం సాధారణంగా పనికొస్తుంది. దిగులు, డబ్బు, పెళ్లి, బరువు, ఆత్మవిశ్వాసం అన్నిటికీ ఒకటే సూత్రం చెప్పేదాన్ని అక్కడే పెట్టేయండి.

రెండోది రచయిత ఎవరు అన్నది. రోగులకు చికిత్స చేసిన సైకియాట్రిస్టా, క్లినికల్ సైకాలజిస్టా, ప్రయోగాలు చేసే ఆచార్యుడా, పాత్రికేయుడా, ఉపన్యాసకుడా? పాత్రికేయులు రాసినవి చదవడానికి హాయిగా ఉంటాయి, విషయం మీద ఆసక్తి పుట్టిస్తాయి. కానీ జబ్బుతో ఉన్న మనిషి చేతిలో పెట్టడానికి అవి సరిపోవు.

మూడోది, పుస్తకాన్ని వెనక నుంచి తిప్పండి. ఆధారాల పట్టిక ఉందా? ఉంటే అందులో పరిశోధన పత్రాలున్నాయా, లేక ఇంకో పది స్వయంసహాయక పుస్తకాల పేర్లేనా? తర్వాత మధ్యలో ఎక్కడైనా తెరవండి. పాఠకుడు రాయాల్సిన ఖాళీ పట్టికలు, వారంవారం చేయాల్సిన పనులు కనిపించాలి. చివరగా, 'ఈ లక్షణాలుంటే డాక్టరును కలవండి' అనే పేజీ కోసం వెతకండి. ఆ పేజీ లేని పుస్తకం మీ అరకు వద్దు. మందులు మానేయమని చెప్పే పుస్తకం అసలే వద్దు.

పరీక్షకు నిలబడిన పుస్తకాలు నిజంగానే ఉన్నాయి. ఆరన్ బెక్ అనే అమెరికా సైకియాట్రిస్టు 1960లలో మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీని (దిగులు పెంచే ఆలోచనలను పరీక్షించి సరిచేసుకునే చికిత్స) సామాన్యుల కోసం డేవిడ్ బర్న్స్ 1980లో 'ఫీలింగ్ గుడ్' అని పుస్తకంగా రాశాడు. అమెరికాలో ఫారెస్ట్ స్కోగిన్, ఆయన సహచరులు దాన్ని మందును పరీక్షించినట్టే పరీక్షించారు. దిగులు స్వల్పంగానో మధ్యస్థంగానో ఉన్నవాళ్లలో కొందరికి వెంటనే పుస్తకం ఇచ్చి, మరికొందరిని వేచి ఉండమన్నారు. నాలుగు వారాల గడువు, మధ్యలో వారానికొక చిన్న ఫోను. చదివినవాళ్లకు దిగులు బాగా తగ్గింది. ఇక్కడ మూడు సంగతులు మరచిపోకూడదు: జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్ల మీద చేసిన పరీక్ష కాదు, గడువు ఉంది, అడిగే మనిషి ఉన్నాడు. గ్రీన్‌బర్గర్, పాడెస్కీ 1995లో రాసిన 'మైండ్ ఓవర్ మూడ్' కూడా ఇదే పద్ధతిలో, పూర్తిగా అభ్యాస పట్టికలతో ఉంటుంది. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో 2003లో డాక్టర్లు పుస్తకాన్ని చీటీ మీద రాసిచ్చి, గ్రంథాలయంలో తీసుకోమనే పథకం మొదలైంది. మీరు చేయబోయేది దానికి దగ్గరి పనే.

ఇప్పుడు అట్టల మీది మాటలు. ఈ 21 రోజుల లెక్క మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం నుంచి పాకింది. ముక్కు మార్చుకున్న మనిషి కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం ఆ మాత్రం రోజులు పడుతుందని ఆయన గమనించాడు, అంతే. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చూస్తే, ఒక పని తనంతట తానే జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. 18 రోజుల్లో అయినవాళ్లున్నారు, 254 రోజుల దాకా పట్టొచ్చని లెక్క తేలినవాళ్లూ ఉన్నారు. 22వ రోజు పొద్దున మారలేదని కుంగిపోయే పిల్లవాడికి ఈ సంగతి తెలియడం ఎంత అవసరమో చూడండి.

ఇట్లాంటివి ఇంకా ఉన్నాయి. రెండు నిమిషాలు ఛాతీ విరుచుకుని నిలబడితే హార్మోన్లు మారతాయని 2010లో వచ్చిన ఫలితం, 2015లో పెద్ద సంఖ్యలో మనుషులతో మళ్లీ చేస్తే రాలేదు. మొదటి పత్రం రాసినవాళ్లలో ఒకరైన డేనా కార్నీయే తనకు దాని మీద నమ్మకం లేదని 2016లో చెప్పేశారు. మనోబలం నూనెలాగా వాడేకొద్దీ ఖర్చయిపోతుందనే సిద్ధాంతాన్ని 2016లో ఇరవైకి పైగా ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తే, ప్రభావం దాదాపు సున్నా తేలింది. 2015లో మనస్తత్వశాస్త్రంలోని 100 ప్రయోగాలను మళ్లీ చేస్తే మూడింట ఒక వంతుకు కొంచెం పైన మాత్రమే నిలబడ్డాయి. నోబెల్ అందుకున్న డేనియల్ కానెమన్ కూడా తన 2011 పుస్తకంలో ఒక అధ్యాయానికి బలహీనమైన ప్రయోగాలను ఎక్కువగా నమ్మానని 2017లో బహిరంగంగా ఒప్పుకున్నారు. కాబట్టి ముద్రణ సంవత్సరం చూడండి. 2012కి ముందు వచ్చి, తర్వాత సవరించని 'మెదడు రహస్యాల' పుస్తకాన్ని జాగ్రత్తగా తీసుకోవాలి. చికిత్సా పద్ధతుల పుస్తకాలకు ఈ దెబ్బ అంతగా తగల్లేదు, వాటి వెనక ఉన్న పరీక్షలు వేరు.

'అచ్చం నా గురించే రాసినట్టుంది' అనే మాట కూడా పుస్తకానికి సాక్ష్యం కాదు. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ తన విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, ఎవరి స్వభావం వాళ్లకు రాసిచ్చినట్టు కాగితాలు పంచాడు. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, అందులోని వాక్యాలు ఎక్కువ భాగం జాతకాల పుస్తకం నుంచి తీసినవి. ఎంత సరిగ్గా ఉందో 5కు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు.

పెన్నగట్టు (కడప)

బురుజునీడ అన్న ఎంపిక గురించి చెప్పారు, నేను చదివే పద్ధతి చెప్తాను. ఫలితం లేదనేవాళ్లలో ఎక్కువమంది పుస్తకాన్ని నవల చదివినట్టు రెండు రాత్రుల్లో పూర్తి చేసి, మూడో రోజు ఇంకోటి తెరుస్తారు. దిగులుగా ఉన్న మనసు అసలే తన గురించి తాను తిప్పితిప్పి ఆలోచిస్తా ఉంటుంది. రాయకుండా, చేయకుండా చదవడం ఆ తిప్పుడుకు ఇంకో ముడి వేస్తుంది. అందుకే ఒక సమస్య, ఒకే పుస్తకం, ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు. ఆరు నుంచి ఎనిమిది వారాల గడువు పెట్టుకోవాలి. వారానికి ఒక అధ్యాయం, అందులోని పని పూర్తయ్యాకే తర్వాతిది.

మొదటి రోజు కొలత తీసుకోవాలి. దిగులును కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నాపత్రం ఉచితం, తెలుగులో దొరుకుతుంది. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3. మొత్తం 27. 5 నుంచి 9 స్వల్పం, 10 నుంచి 14 మధ్యస్థం, 15 నుంచి 19 కాస్త తీవ్రం, 20, ఆ పైన తీవ్రం. 10 లోపల ఉంటే పుస్తకంతో మొదలుపెట్టొచ్చు. 10 నుంచి 14 అయితే పుస్తకం చదువుతూనే డాక్టరుకు చూపించుకోవాలి. 15, ఆ పైన అయితే ముందు డాక్టరు, పుస్తకం ఆ చికిత్సకు తోడు మాత్రమే. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనే ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏది వచ్చినా మొత్తం ఎంతని చూడొద్దు, ఆ రోజే ఒక మనిషితో మాట్లాడాలి. ఈ పత్రం జబ్బును ఖాయం చేయదు, డాక్టరు దాకా పోవాలా వద్దా చెప్తుంది. రెండు వారాలకొకసారి మళ్లీ నింపితే మార్పు తెలుస్తుంది. 'నాకు బాగా అనిపిస్తాంది' అనేదాని కంటే 13 నుంచి 8కి వచ్చిందనేది నమ్మదగ్గ మాట.

దిగులుకు ఏ పుస్తకం తీసుకున్నా మొదట చేయదగ్గ పని దినచర్య పట్టిక. 1996లో నీల్ జేకబ్సన్ బృందం కాగ్నిటివ్ థెరపీని ముక్కలుగా విడగొట్టి చూస్తే, పనులు పెంచే భాగం ఒక్కటే మొత్తం చికిత్సతో సమానంగా పనిచేసింది. చేసే తీరు ఇది. ఒక వారం పాటు గంటగంటకూ ఏం చేశారో రెండు మాటల్లో రాయాలి, పక్కన మనసు ఎట్లుందో 0 నుంచి 10 వేయాలి. వారం చివర చూస్తే రోజులో ఏ గంటలు మరీ అడుగున ఉన్నాయో తేలుతుంది. పరీక్షలకు చదివే పిల్లలైతే మధ్యాహ్నం అన్నం తిని పడుకుని లేచాక, నాలుగు ఆరు మధ్య గంటలు చూసుకోండి. రెండో వారం ఆ గంటల్లోనే రోజుకు రెండు పనులు పెట్టాలి. ఒకటి చేసినందుకు తృప్తినిచ్చేది, ఒకటి ఇష్టంగా ఉండేది. ఏ పని, యాడ, ఎన్ని గంటలకు, ఎవరితో, ఎంతసేపు అని ముందు రాత్రే రాసుకోవాలి. మనసు బాగుంటే చేద్దామని కూర్చుంటే ఆ గంట రాదు. పట్టిక చెప్పింది కాబట్టి చేయాలి, మనసు తర్వాత వస్తుంది.

ఎక్కడ చెడుతుందంటే, పని పెద్దది పెట్టుకుంటారు. మంచం దిగని మనిషి రోజుకు ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతానని రాసుకుంటాడు. మూడో రోజు ఆగిపోతాడు, తనను తాను తిట్టుకుంటాడు, దిగులు ముందుకంటే పెరుగుతుంది. అనుకున్నదాన్ని సగం చేయండి, ఆ సగాన్ని ఇంకో సగం చేయండి. వీధి చివరి దాకా నడిచి రావడం చాలు. మన ఎండలకు ఏప్రిల్, మే నెలల్లో నడక పొద్దున ఆరున్నర లోపలే పెట్టుకోవాలి, లేకుంటే ఎండ సాకైపోతుంది.

తర్వాత ఆలోచనల పట్టిక. ఇది చాలా పుస్తకాల్లో ఉంటుంది, చాలామంది తప్పుగా నింపుతారు. ఏడు నిలువు గళ్లు: సందర్భం, మనసులో కలిగింది ఎంత, అప్పుడు తట్టిన ఆలోచన, దాన్ని బలపరిచే రుజువు, కాదనే రుజువు, రెండూ చూసి రాసే మాట, ఇప్పుడు ఎంత. నంద్యాలలో బ్యాంకు కోచింగ్ తీసుకునే ఒక అభ్యర్థి అనుకోండి. సందర్భం: ఆదివారం ప్రిలిమ్స్ మాక్ టెస్టులో 100కు 41. మనసు (100కు): దిగులు 80, సిగ్గు 60. ఆలోచన: 'నాకు ఈ జన్మలో ఉద్యోగం రాదు.' బలపరిచే రుజువు: వరసగా మూడు టెస్టుల్లో 50 దాటలేదు. కాదనే రుజువు: రీజనింగ్‌లో 22, ఇంగ్లీషులో 14 వచ్చాయి, క్వాంట్‌లో (లెక్కల్లో) 5 మాత్రమే, అందులో సగం ప్రశ్నలు ముట్టుకోలేదు. రెండూ చూసి రాసే మాట: 'క్వాంట్ నన్ను వెనక్కి లాగుతాంది. ఇట్లే ఉంటే ఈసారి ప్రిలిమ్స్ దాటడం కష్టం, నెల రోజులు క్వాంట్‌కు ఎక్కువ సమయం ఇస్తే మార్కులు మారే వీలుంది.' ఇప్పుడు దిగులు 50.

చూడండి, ఆరో గడిలో 'అంతా మంచే జరుగుతుంది' అని రాయలేదు. అట్ల రాస్తే మనసు ఒప్పుకోదు, ఏడో గడి 80 దగ్గరే ఆగిపోతుంది. ఇంకో పొరపాటు, ఆలోచనను ప్రశ్నగా రాయడం. 'నాకు ఉద్యోగం వస్తుందా?' అనేదానికి రుజువు వెతకలేం. దాని కింద దాగిన జవాబును వాక్యంగా రాయాలి. మూడో పొరపాటు, రుజువు గడిలో మనసులో కలిగింది రాయడం. 'నాకు పనికిరానివాణ్ణి అనిపిస్తాంది' అనేది రుజువు కాదు, రెండో గడికి పోవాల్సిన మాట. నాలుగోది, పట్టికను మనసులోనే నింపుకోవడం. కాగితం మీద పెట్టకపోతే ఐదో గడి ఎప్పుడూ ఖాళీగానే మిగులుతుంది. 80 నుంచి సున్నాకు రావాలని చూడొద్దు, 80 నుంచి 50 వస్తే ఆ పట్టిక పనిచేసినట్టే.

గాభరా మనుషులకు చింత వాయిదా వేసే పద్ధతి బాగా పనికొస్తుంది. రోజూ ఒకే చోట, ఒకే సమయానికి 30 నిమిషాలు. మిగతా పొద్దంతా ఏ చింత వచ్చినా ఒక మాటలో చీటీ మీద రాసి, ఆ సమయానికి అట్టిపెట్టాలి. సాయంత్రం ఆరు మంచి సమయం. పడుకునే ముందు మాత్రం పెట్టుకోవద్దు, పడక మీద అస్సలు వద్దు.

వారానికొకసారి అడిగే మనిషి ఉండాలి, ఇది మాత్రం వదలొద్దు. సలహా ఇవ్వనక్కరలేదు, సానుభూతి ఉపన్యాసం అక్కరలేదు. 'ఈ వారం పట్టిక నింపినావా? ఏది అడ్డమొచ్చింది?' అని పది నిమిషాలు అడిగితే చాలు. ఒంటరిగా చదివినదాని కంటే ఇట్లా తోడుతో చదివినది ఎక్కువ ఫలితమిస్తుందని చాలా పరీక్షలు చూపిస్తున్నాయి. మీ బృందం చేయగలిగిన అసలు సాయం ఇదే.

చదువరి_అనంత (అనంతపురం)

అన్నా, అక్కా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా సంతోషం. రెండు అనుమానాలు. అద్దం ముందు నిలబడి 'నేను గొప్పవాణ్ణి' అని రోజూ చెప్పుకోమనే పుస్తకాలు ఇక్కడ బాగా అమ్ముడుపోతాయి. అవి హాని చేస్తాయా, లేక ఊరికే ఉపయోగం లేనివా? చిన్నప్పటి దెబ్బలు, మనసుకు తగిలిన గాయాల మీద పుస్తకాలు కూడా చాలామంది అడుగుతున్నారు. అవి పెట్టొచ్చా?

తుంగతీరం (కర్నూలు)

మొదటిదానికి జవాబు: ఎవరికి ఇస్తున్నాం అన్నదాన్ని బట్టి. 2009లో జోఆన్ వుడ్ బృందం ఇదే పరీక్షించింది. తమ మీద తమకు గౌరవం తక్కువగా ఉన్నవాళ్లు 'నేను ప్రేమించదగిన మనిషిని' అని చెప్పుకుంటే, వాళ్ల మనసు ఇంకా కిందికి పోయింది. గౌరవం ముందే ఉన్నవాళ్లకు కొంచెం మేలు చేసింది. అంటే అవసరం లేనివాళ్లకు పనిచేసి, అవసరమున్నవాళ్లను దెబ్బతీసింది. ఆ రకం ఒక్కటీ కొనొద్దు.

రెండోది జాగ్రత్తగా చేయాల్సిన పని. గాయాల మీద పుస్తకాలు రెండు రకాలు. ఒకటి జబ్బు ఎట్ల పుడుతుందో వివరించేవి. వాటిలో రోగుల కథలు ఘోరమైన వివరాలతో ఉంటాయి. హింసకు, అత్యాచారానికి, రోడ్డు ప్రమాదానికి గురైన మనిషి రాత్రిపూట ఒంటరిగా అవి చదివితే పీడకలలు, ఉలిక్కిపాట్లు పెరిగే ప్రమాదం ఉంది. ఇవి చికిత్స చేసేవాళ్లకు, ఇంట్లోవాళ్లకు పనికొస్తాయి. రెండో రకం వర్క్‌బుక్కులు. అందులో జరిగినదాన్ని పూర్తిగా రాయమనే అభ్యాసాలుంటాయి, వాటిని చికిత్సకుడి తోడు లేకుండా మొదలుపెట్టకూడదు. మనసులోది రాసుకునే పద్ధతి ఒకటి జేమ్స్ పెన్నెబేకర్ 1980లలో పరీక్షించింది ఉంది: వరసగా మూడు నాలుగు రోజులు, రోజుకు 15 నుంచి 20 నిమిషాలు. దానికి కూడా ఒక నియమం పెట్టారు: ఏ సంగతి రాస్తే తట్టుకోలేమని తెలుస్తోందో ఆ సంగతి ఇప్పుడు రాయొద్దు. ఆ పుస్తకంతో పాటు ఒక చీటీ పెట్టి, దాని మీద ఈ నియమం రాయండి.

పుస్తకం వల్ల జబ్బు ముదిరే సందర్భాలు ఇంకా ఉన్నాయి. అనుమానపు జబ్బు, అంటే ఓసీడీ ఉన్నవాళ్లకు 'చెడు ఆలోచన రాగానే ఆపు' అనే సలహా పూర్తిగా ఎదురుతిరుగుతుంది. 1987లో డేనియల్ వెగ్నర్ తెల్ల ఎలుగుబంటి గురించి ఐదు నిమిషాలు ఆలోచించొద్దంటే, మనుషులు దాన్ని ఆపలేకపోయారు, తర్వాత ఇంకా ఎక్కువ ఆలోచించారు. ఓసీడీకి పనిచేసేది వేరు. భయపెట్టేదాని దగ్గరికి మెట్టుమెట్టుగా పోవడం, కడుక్కోకుండా, మళ్లీ చూడకుండా, ఎవర్నీ అడగకుండా ఉండటం. ఆ మెట్ల పట్టిక లేని పుస్తకం ఓసీడీకి తీసుకోవద్దు. ఈ జబ్బున్నవాళ్లు పుస్తకాన్నే ధైర్యం కోసం వందసార్లు తిరగేస్తారు. అది కూడా జబ్బులో భాగమే. వారానికొకసారి అడిగే మనిషి ఇది కనిపెట్టాలి.

గుండె దడ, ఊపిరాడకపోవడం ఒక్కసారిగా వచ్చే గాభరాకు శ్వాస అభ్యాసాలు చెప్పే పుస్తకాలున్నాయి. మొదటిసారి వచ్చినప్పుడు పుస్తకం కాదు, ఈసీజీ. గుండె బాగుందని తేలాకే పుస్తకం. ఆ తర్వాత నీళ్ల సీసా చేతిలో లేనిదే బస్సెక్కకపోవడం, తలుపు పక్క సీటులోనే కూర్చోవడం లాంటి ఊతకర్రలను మెల్లగా వదిలించే పుస్తకం కావాలి. శ్వాస అభ్యాసాన్ని కూడా కొందరు ఊతకర్ర చేసుకుంటారు.

నిద్ర పుస్తకాల్లో పరీక్షకు నిలిచిన పద్ధతి ఉంది. రోజూ ఒకే సమయానికి లేవడం, పడక నిద్రకే వాడటం, ఓ ఇరవై నిమిషాలకు నిద్ర పట్టకపోతే లేచి ఇంకో గదిలో కూర్చోవడం. దానితోపాటు పడకలో ఉండే గంటలను తగ్గించే పద్ధతి ఒకటుంది. దాన్ని ఐదు గంటల కిందికి దించకూడదు. బైపోలార్ (కొన్నాళ్లు ఉద్రేకం, కొన్నాళ్లు దిగులు వచ్చే జబ్బు), మూర్ఛ ఉన్నవాళ్లు, రాత్రి లారీలూ బస్సులూ నడిపేవాళ్లు డాక్టరు చెప్పకుండా దాని జోలికి పోకూడదు. నిద్ర తగ్గితే బైపోలార్ మనిషికి ఉద్రేకం లేస్తుంది, డ్రైవరుకు ప్రాణం మీదికొస్తుంది.

ఇక డాక్టరు దగ్గరికి ఎప్పుడు. చచ్చిపోవాలనే ఆలోచన వచ్చినప్పుడు. లేని మాటలు వినబడటం, అందరూ పగబట్టారనే నమ్మకం ఉన్నప్పుడు. నిద్ర లేకుండానే ఉత్సాహం పొంగి, డబ్బు నీళ్లలా ఖర్చు చేస్తున్నప్పుడు. తిండి మానేసి చిక్కిపోతున్నప్పుడు. బాలింతకు దిగులు పట్టినప్పుడు. రోజూ తాగుడుతో ఉన్నప్పుడు: తాగుడును పుస్తకం చూసి ఒక్కరోజులో ఆపితే ఫిట్స్ రావొచ్చు. నాలుగు వారాలు పద్ధతిగా చేసినా పీహెచ్‌క్యూ అంకె కదలనప్పుడు. డాక్టరు దగ్గర థైరాయిడ్, రక్తహీనత, బీ12 పరీక్షల గురించి అడగడం మంచిది. థైరాయిడ్ తగ్గితే వచ్చే నీరసం, మబ్బుతనం దిగులు లాగే కనిపిస్తాయి, ఏ పుస్తకమూ దాన్ని తగ్గించలేదు.

మందులు రాస్తే అవి ప్రభావం చూపడానికి సుమారు రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. బాగున్నాక కూడా నెలల తరబడి వాడాలి, మానేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొంచెంకొంచెంగా తగ్గించాలి. పుస్తకం చదివి ధైర్యమొచ్చి ఒక్కసారిగా ఆపేసేవాళ్లకు తలతిరుగుడు, చిరాకు, నిద్రలేమి రావొచ్చు. జబ్బు తిరగబెట్టిందనుకుని ఇంకా బెదిరిపోతారు.

యాడికి పోవాలి అంటారా. అనంతపురం, కర్నూలు, కడప మూడు చోట్లా మెడికల్ కాలేజీల ప్రభుత్వాసుపత్రుల్లో మానసిక విభాగం ఓపీ ఉంది. పెద్ద అవసరమొస్తే మనకు బెంగుళూరు నిమ్హాన్స్ దగ్గర. (పక్కనున్న బళ్లారి జిల్లాలోనే నిమ్హాన్స్ 1980లలో మానసిక వైద్యాన్ని పల్లె ఆసుపత్రుల దాకా తీసుకుపోయే ప్రయోగం చేసింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి మూలం అదే.) ఫోనులో మాట్లాడాలంటే టెలీ మానస్, 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. 24 గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

కౌన్సెలర్ అనే బోర్డు చూసి పోవద్దు. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాయగలరు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు, మాటలతో చికిత్స చేస్తారు. వాళ్లకు భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ నమోదు సంఖ్య ఉంటుంది. అడిగితే చెప్పాలి. అడగడంలో తప్పు లేదు.

ఇంకొకటి, మన జిల్లాల్లో ఇది చెప్పకుండా ఉండలేను. సేద్యం చేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు మంచం కింద, గాదె పక్కన పెట్టుకుంటారు. చావు ఆలోచనలున్న మనిషి ఇంట్లో ఉంటే, పుస్తకాలు, మాటలు, మందులు అన్నిటికంటే ముందు ఆ డబ్బాలు ఇంటి నుంచి పోవాలి. వేరేవాళ్ల ఇంట్లో తాళం వేసి పెట్టించండి. ఆ ఆలోచన మహా ఉధృతంగా ఉండేది చాలామందిలో కొద్దిసేపే. ఆ కొద్దిసేపు చేతికి అందకపోతే ప్రాణం నిలుస్తుంది. మాత్రలు కూడా వారానికి సరిపడా మాత్రమే ఆ మనిషి దగ్గర పెట్టి, మిగతావి ఇంట్లో ఇంకొకరు దాచాలి.

అరలసర్దుబాటు (కడప)

అర నడిపే సంగతులు కొన్ని. మామూలుగా రెండు వారాలకు పుస్తకం తిరిగి అడుగుతారు. ఇట్లాంటి పుస్తకానికి అది పనికిరాదు, ఎనిమిది వారాలివ్వండి. పది వేర్వేరు పేర్లు కొనేదానికంటే ఆరు పేర్లు కొని, దిగులు, గాభరాల వర్క్‌బుక్కులు రెండు మూడు ప్రతులు పెట్టండి. దిగులుకు ఒకటి, గాభరాకు ఒకటి, నిద్రకు ఒకటి, ఓసీడీకి ఒకటి, ఇంట్లో రోగిని చూసుకునేవాళ్లకు ఒకటి, జబ్బుల గురించి తేటగా వివరించేది ఒకటి. మొదటి మనిషి పట్టికలు పెన్నుతో నింపితే రెండో మనిషికి పుస్తకం దండగ, పైగా ఒకరి మనసు ఇంకొకరు చదివినట్టవుతుంది. కాబట్టి ప్రతి పుస్తకంతోపాటు రూళ్లు గీసిన నోటుబుక్కు ఒకటి ఇవ్వండి. ఏడు గళ్లు చేత్తో గీసుకోవచ్చు.

తెలుగు అనువాదాల్లో కొన్ని బాగుంటాయి. కొనే ముందు మూడు చోట్ల చూడండి. పట్టికలు అట్లే ఉన్నాయా, లేక పేజీలు తగ్గించడానికి తీసేశారా? వెనక ఆధారాల పట్టిక మిగిలిందా? ఆపదలో ఫోను చేయాల్సిన నంబరు అమెరికాది అట్లే వదిలేశారా? 988 అని ఉంటే అది అక్కడిది, ఇక్కడ పనిచేయదు. దాని మీద 14416 చీటీ అంటించండి. ఇంగ్లీషు రానివాళ్లకు సరైన అనువాదం దొరకకపోతే, బృందంలో ఒకరు వారానికొక అధ్యాయం ఇంగ్లీషు పుస్తకం నుంచి చదివి తెలుగులో చెప్పి, పని ఒప్పజెప్పడం మేలు. చెడ్డ అనువాదం చేతిలో పెట్టొద్దు.

తీసుకునేవాళ్ల పేర్లు అందరూ చూసే రిజిస్టరులో రాయొద్దు. పుస్తకానికి నంబరు వేసి, పేరు, నంబరు ఒక్కరి దగ్గరే ఉంచండి. చిన్న ఊళ్లలో ఫలానా వాళ్లమ్మాయి దిగులు పుస్తకం తీసుకుపోయిందనే మాట సంబంధాల దాకా పోతుంది, ఆ భయంతోనే రానివాళ్లుంటారు.

చదువరి_అనంత (అనంతపురం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. వారానికొకసారి అడిగే పని ముగ్గురం పంచుకుంటాం. ఒక్కటి అడగాలి: చదివే మనిషి చావు మాట ఎత్తితే, మాకు ఏ శిక్షణా లేదు కదా, మేం ఏం అనాలి?

పెన్నగట్టు (కడప)

సూటిగా అడగండి: 'చచ్చిపోవాలని అనిపిస్తాందా?' అడిగితే ఆ ఆలోచన నాటినట్టు అవుతుందనేది అపోహ, అడగడం వల్ల ప్రమాదం పెరగదు. అవునంటే, ఎట్లా అని ఏమైనా అనుకున్నారా, అందుకు కావలసింది దగ్గరుందా అని అడగండి. ఉందంటే ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో ఒకరిని పిలిపించి అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకుపోండి. రాత్రైతే 108. 'నీకేం తక్కువ', 'పిల్లల మొహం చూడు' లాంటి మాటలు వద్దు, అవి సిగ్గును పెంచి నోరు మూయిస్తాయి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వొద్దు. ఎవరెవరికి చెప్పాలో ఆ మనిషితోనే కలిసి నిర్ణయించండి. పోలీసు కేసవుతుందని జంకితే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వేరే రుజువు లేనంతవరకు శిక్షించకూడదని ఉంది, చెప్పండి.

మీ ముగ్గురూ ముందుగానే ఒకసారి 14416కు ఫోను చేసి, ఇట్లాంటి సమయంలో మీరు ఎట్ల నడుచుకోవాలో వాళ్లనే అడిగి పెట్టుకోండి. ఆ నంబరు చీటీ ప్రతి పుస్తకానికీ అట్ట లోపలి వైపు అంటించండి. బయట అంటిస్తే ఆ పుస్తకం పట్టుకుని బస్సెక్కడానికి పిల్లలు జంకుతారు.